పేరు చెప్పుకున్న గొంతు

కిందటేడు అద్దె ఇంటి కోసం తిరుగుతూ హైదరాబాద్‌లో ఒక కాలనీలో ఓ ఇంటి తలుపు తట్టాను. పెద్దాయన మర్యాదగా లోపలికి పిలిచాడు. హాల్లో ఓ మూల నడుమెత్తు చెక్క పెట్టె కనిపించింది. పైన మూత, ముందు రెండు చిన్న తలుపులు, పక్కన పిడి దూర్చే కన్నం. పాత గ్రామఫోను. నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆయన మురిసిపోయాడు.

"నవాబుల ఇంటి సామానండీ ఇది. జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. ఆ రోజుల తహజీబే వేరు" అన్నాడు.

"పాడుతుందా?" అని అడిగాను.

"లేదండీ. ఊరికే షోకి పెట్టుకున్నాం."

గదులు చూపించాడు. అద్దె చెప్పాడు. అడ్వాన్సు చెప్పాడు. ఆఖర్న నా పేరడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మంచినీళ్లు తెప్పించాడు, తాగాను. "మా ఆవిణ్ణి ఒక మాట అడిగి ఫోన్ చేస్తానండీ. ఆమెకు పూజలూ అవీ ఎక్కువ" అన్నాడు. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు.

ఇందులో కొత్తేమీ లేదు. ఈ పుస్తకం చేతిలో పట్టుకున్న ముస్లిం పాఠకుల్లో చాలామందికి ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. ఆయన చెడ్డవాడని నేననను. మా బిర్యానీ, మా గజల్, మా పాత సామాను అన్నీ ఆయనకిష్టమే. పేరు దగ్గరే ఆగిపోయాడు. తిరిగొస్తూ దారంతా నేను ఆ పెట్టె గురించే ఆలోచించాను. అలాంటి పెట్టెల్లోంచి ఒకప్పుడు పాడినవాళ్లకు పేర్లుండేవి. ఆ పేర్లేమయ్యాయి? ఎవరు చెప్పుకున్నారు, ఎవరు దాచుకున్నారు, ఎవరి చేత దాపించారు? గ్రామఫోను చరిత్రను ఈ వైపు నుంచి చదివితే మన చరిత్ర కూడా కొంత కనిపిస్తుంది.

*

అలాంటి పెట్టె మా నానీ ఇంట్లోనూ ఉండేది. మా నానా కరీంనగర్ జిల్లాలో తాలూకా కచ్చేరీ గుమాస్తా. 1946లో, పెళ్లయిన మరుసటేడు, సికింద్రాబాద్‌లో ఒక తెల్ల అధికారి సామాను హర్రాజులో దాన్ని కొన్నాడు. ఎడ్లబండి మీద ఊరికి తెస్తే చూడ్డానికి వాడకట్టంతా వచ్చిందట. పెట్టెలో మనిషి ఉన్నాడేమోనని పిల్లలు తలుపులు తెరిచి చూసేవాళ్లట. దాని మీద గరాటు ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉండేది. కుక్క బొమ్మ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని నానీ దాని మీద గుడ్డ ముక్క అతికించింది. పాట విన్నది, కుక్కను కప్పింది. మా ఇళ్లల్లో మతమూ సంగీతమూ ఇలాగే సర్దుకుని బతికాయి.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. రజాకార్ల ఆగడాలను మా నానీ దాచిపెట్టి చెప్పలేదు. వాళ్లు ఓడిపోయాక ఏ పాపమూ తెలియని ముస్లింల మీద జరిగిందీ దాచిపెట్టలేదు. సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారు. ఆ నివేదిక దేశ ప్రజల కంటికి 2013 దాకా కనబడలేదు. మా నానా ప్రాణంతో మిగిలాడు గానీ కొలువు పోయింది. ఉర్దూ కచ్చేరీలోంచి వెళ్లిపోయింది. ముప్ఫయ్యేళ్లు దాటాక పలకా బలపం పట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. కచ్చేరీ బయట చెట్టు కింద కూర్చుని తెలుగులో అర్జీలు రాసి ఇల్లు నడిపాడు. నేనివాళ రెండు భాషల్లో రాస్తున్నానంటే అందులో ఒకటి ఆయన ఆకలి నేర్పిన భాష.

ప్లేట్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. పెట్టె మిగిలింది. అందులో నానీ కుట్టుపని గుడ్డలు పెట్టుకునేది. నా చిన్నప్పుడు ఆ గుడ్డల అడుగున నాకొక ప్లేటు దొరికింది. పాతకాలం ప్లేటు, ఒక పక్కే గాడులున్నాయి, రెండో పక్క నున్నగా ఉంది. నడుమ కాగితం మీద పేరున్న చోట గోటితో గీకేసి ఉంది.

"ఎవరిది నానీ ఇది?" అనడిగాను.

"ఉస్‌కా నాం నక్కో లే బేటా" అంది. ఆమె పేరెత్తొద్దురా అని. ఎవరు గీకారని అడిగితే జవాబు చెప్పలేదు. ఆ గోరు నానీదేనని నాకు తర్వాత అర్థమైంది.

*

ఈ యంత్రం పనితనం తెలియని తరం వచ్చింది కాబట్టి కొంచెం చెప్పాలి. దీనికి కరెంటుతో పని లేదు. పక్కనున్న పిడి తిప్పి చావీ ఇస్తే లోపల ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ ప్లేటును నిమిషానికి 78 చుట్లు తిప్పుతుంది. వేగం హెచ్చకుండా మూడు చిన్న గుండ్లు గిరగిరా తిరుగుతూ అదుపు చేస్తాయి. గాడిలో ముల్లు వణుకుతుంది. ఆ వణుకు అభ్రకం రేకుకు చేరి గొంతుగా మారుతుంది. పది అంగుళాల ప్లేటు ఒక పక్క దాదాపు మూడు నిమిషాలు పాడుతుంది. పక్క మార్చినప్పుడల్లా ముల్లు కూడా మార్చుకోవాలి.

మొదట్లో గరాటు బయటికి పొడుచుకుని ఉండేది. 1906లో అమెరికాలో విక్టర్ కంపెనీ 'విక్ట్రోలా' తెచ్చింది. గరాటును పెట్టె కడుపులో మడిచి దాచి, ముందు తలుపులు పెట్టింది. చప్పుడెక్కువైతే తలుపులు దగ్గరికి వేయడమే. చూడ్డానికి బీరువాలాగో బల్లలాగో ఉంటుంది, మర్యాదస్తుల ఇంట్లో ఇమిడిపోతుంది. నా దృష్టిలో పెద్ద మార్పు ఇక్కడే జరిగింది. కోఠా మెట్లెక్కడానికి సిగ్గుపడే పెద్దమనుషుల ఇంటికి కోఠా పాటే నడిచి వచ్చింది. పాడిన మనిషి మాత్రం గడప బయటే నిలబడింది.

ఇక ప్లేటు. దాన్ని లక్కతో చేసేవాళ్లు. లక్కకు రాతిపొడి, దీపపు మసి, కాస్త దూది పీచు కలిపి వేడి మీద అచ్చు పోసేవాళ్లు. ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే, ముఖ్యంగా ఛోటా నాగపూర్ నుంచి, ప్రపంచమంతా పోయేది. చెట్టు కొమ్మల మీద లక్కపురుగు గూడు కట్టుకుంటే ఆదివాసీలు గీకి తెచ్చేవాళ్లు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో మా ఆడవాళ్లు తొడుక్కునే గాజులదీ అదే లక్క. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు గుర్తింపు దొరికింది, సంతోషం. పొయ్యి ముందు కూర్చుని చేసే చేతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

*

ఇప్పుడు ఆ గీకేసిన పేరు దగ్గరికొస్తాను.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తా వచ్చాడు. హిందుస్తాన్ గొంతుల్ని ఎక్కించుకుపోవడం అతని పని. మొదటి రోజుల్లోనే అతని ముందు నిలబడి పాడిన వాళ్లల్లో గౌహర్ జాన్ ఒకామె. అప్పటికి మైక్రోఫోను లేదు. పెద్ద గరాటులో తల పెట్టినంత దగ్గరగా నిలబడి గట్టిగా పాడాలి. గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల్లో ఇమడ్చాలి. పెద్ద పెద్ద ఉస్తాదులు కొందరు ఇది మా విద్యకు అవమానమని తప్పుకున్నారు. బాయీలు, జాన్‌లు ముందుకొచ్చారు. కొత్త యంత్రానికి భయపడకుండా దాని లెక్కకు పాటను కుదించి చూపించింది వాళ్లే.

మైనం మీద ఎక్కించిన ఆ పాటల్ని ప్లేట్లు కొట్టించడానికి జర్మనీలోని హానోవర్‌కు పంపేవాళ్లు. కలకత్తాలో సియాల్దా దగ్గర ఫ్యాక్టరీ 1908లో గానీ రాలేదు. హానోవర్ పనివాళ్లకు మన భాషలు రావు. ఏ పాట ఎవరిదో తెలియాలంటే పాడినవాళ్లే ఆఖర్న ఇంగ్లీషులో పేరు చెప్పాలి. అందుకే ఆనాటి ప్లేట్లలో పాట అయిపోగానే గౌహర్ జాన్ గొంతు "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని పలుకుతుంది. కంపెనీకి అది లేబులు అతికించుకునే సౌకర్యం మాత్రమే. నాకు మాత్రం అది అంత చిన్న మాటగా వినబడదు. కోఠా స్త్రీ, ముసల్మాను స్త్రీ, తెల్లవాడి యంత్రంలో తెల్లవాడి భాషలో, ఈ పాట నాది అని చెప్పుకుంది.

ఆ పేరు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. 1873లో ఆజంగఢ్‌లో పుట్టినప్పుడు ఏంజెలీనా. తండ్రి ఆర్మీనియన్. భర్త విడిచిపెట్టాక తల్లి విక్టోరియా ఇస్లాం తీసుకుని మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ అయింది. పదికి పైగా భాషల్లో, ఆరువందల దాకా ప్లేట్లు ఇచ్చిందని చెబుతారు. చివరి రోజుల్లో మైసూరు సంస్థానంలో కొలువు చేస్తూ 1930 జనవరిలో కన్నుమూసింది. ఇంత వైభవం చూసిన మనిషి పేరును ఒక మారుమూల ఊళ్లో ఓ ఇల్లాలు గోటితో గీకేసింది. ఎందుకని? షరాఫత్ కోసం. పాట కావాలి. పాడినామె పేరు మాత్రం కోడళ్ల ముందు, పిల్లల ముందు పలకకూడదు.

ఇది మన తప్పు. ఇతరుల్ని నిలదీసే ముందు ఒప్పుకోవాలి. మా నానీ ఒక్కతే కాదు, ముస్లిం మధ్యతరగతి మొత్తం ఆ పని చేసింది. కోఠాలు కాపాడిన ఠుమ్రీనీ దాద్రానీ మా ఘనతగా చెప్పుకున్నాం, కోఠాను మాత్రం మరిచిపోయాం. అఖ్తరీబాయి ఫైజాబాదీ 1945లో బారిస్టరును పెళ్లి చేసుకుని పాట మానుకోవాల్సి వచ్చింది. పాడక మంచం పట్టింది. 1949లో లక్నో రేడియో స్టేషన్‌లో మళ్లీ గొంతు విప్పాక లోకం ఆమెను బేగం అఖ్తర్ అంది. బాయి పోయి బేగం వస్తే గానీ మర్యాద దక్కలేదు. గొంతు మాత్రం ఆ రెండు పేర్ల కిందా ఒకటే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో దేశం కూడా ఇదే పని చేసింది. నడవడి మంచిది కాదన్న పేరుతో కోఠా గాయనులకు రేడియో తలుపులు మూసింది.

హిందూ మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) కథ చూడండి. గ్రామఫోనుకు పాడిన తొలి తరం దక్షిణాది గాయనుల్లో ఆమె ఒకరు. ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనం'ను 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది. భోగం స్త్రీ రాసిందాన్ని భోగం స్త్రీ అచ్చు వేయించడం పండితులకు మింగుడుపడలేదు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించిన ఆమెకే అక్కడి ఉత్సవంలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. నాగరత్నమ్మ, గౌహర్ జాన్ ఒకే పంక్తిలో నిలబడతారు. వాళ్ల పేర్లను చెరిపేసిన గోళ్లు మాత్రం రెండు మతాలవీ.

*

పేరు చెరపడం ఒక పద్ధతి. పేరు మార్చడం ఇంకో పద్ధతి.

బెంగాల్‌లో బర్ధమాన్ వైపు మహమ్మద్ కాసెం అని ఒక గాయకుడుండేవాడు. కాళీమాత మీద శ్యామా సంగీతం అద్భుతంగా పాడేవాడు. ప్లేటు మీద మహమ్మద్ అని వేస్తే భక్తులు కొనరని కంపెనీ లెక్క. అందుకని లేబులు మీద 'కె. మల్లిక్' అని వేశారు. మల్లిక్ అనే ఇంటిపేరు రెండు మతాల్లోనూ ఉంది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ ప్లేట్లు ఇంటింటా మోగాయి.

తర్వాత కథ అటు తిరిగింది. కాజీ నజ్రుల్ ఇస్లాం కంపెనీకి పాటలు రాస్తున్న కాలంలో గాయకుడు అబ్బాసుద్దీన్ ఆయన చేత ముస్లిం భక్తి పాటలు రాయించాడు. ముస్లింలు ప్లేట్లు కొనరని కంపెనీ చాలాకాలం వెనకాడింది. ఆఖరికి ఒప్పుకుంది. ఈద్ మీద రాసిన పాట 1932లో బయటికి రాగానే విపరీతంగా అమ్ముడుపోయింది. ఇక అలాంటి పాటలకు గిరాకీ పెరిగింది. పాడటానికి ముస్లిం గాయకులు చాలలేదు. అప్పుడు ధీరేన్ దాస్ 'గనీ మియా' అయ్యాడు. గిరీన్ చక్రవర్తి 'సోనా మియా' అయ్యాడు. ఆ నజ్రులే శ్యామా సంగీతమూ రాశాడు. రాసినవాడికీ పాడినవాడికీ లేని అడ్డు కొనేవాడికి ఉంటుందని అంగడి ఊహించుకుంది. ఊహించుకుని లేబులు అతికించింది. 1940ల్లో లక్నో కుర్రాడు తలత్ మహమూద్ బెంగాలీ పాటలకు 'తపన్ కుమార్' అయ్యాడు.

ఈ సంగతులు మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ల కింద నేనొక తెలుగు పత్రికలో చేరిన కొత్తలో త్యాగరాజు మీద వ్యాసం రాశాను. సంపాదకుడు చదివి భుజం తట్టాడు. "చాలా బాగుంది తమ్ముడూ. కానీ ఈ వ్యాసం కింద ఆ పేరు అతకదు. మంచి కలం పేరొకటి పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. ఆ పేరుతో నాలుగేళ్లు రాశాను. "మన సంస్కృతి లోతు తెలిసిన మీవంటివారు అరుదు" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఆ 'మన'లో నేనున్నానో లేనో తేల్చుకోలేక ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. రంజాన్ ప్రత్యేక సంచిక వచ్చినప్పుడు మాత్రం ఆ సంపాదకుడే నా అసలు పేరు కావాలన్నాడు. కె. మల్లిక్‌నూ నేనే, గనీ మియానూ నేనే అయ్యాను. ఉర్దూ పత్రికల మిత్రులు తక్కువ తినలేదు. "నువ్వు తెలుగువాడివి కదా మియా" అని నవ్వేవాళ్లు.

ఆయనకు నా మీద ద్వేషం లేదు. ద్వేషం లేకుండానే నాలుగేళ్లు నా పేరు మాయమైంది. సెక్యులర్ మిత్రులు గమనించాల్సింది ఇది. "పేరులో ఏముంది?" అని వాళ్లు మంచి మనసుతోనే అంటారు. పేరులో ఏమీ లేకపోతే దాన్ని దాచుకొమ్మని ఎవరూ అడగరు. 'మనమంతా ఒకటే' అనే మాటకు నా అంగీకారమే. ఆ ఒకటిలోకి రావడానికి నా పేరు గడప బయట విడవాలంటే మాత్రం అభ్యంతరం.

*

పేరు మార్చుకోకుండా పాడినవాళ్లూ ఉన్నారు. తెలుగువాళ్లం గుర్తు పెట్టుకోవాల్సిన పేరొకటి చెబుతాను: ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937). కిరానా ఘరానాకు పెద్ద దిక్కు. మైసూరు దర్బారుకు వస్తూపోతూ కర్ణాటక సంగీతం మీద మక్కువ పెంచుకున్నాడు. 1930ల్లో ఖరహరప్రియ రాగంలో త్యాగరాజ కృతి ఒకటి గ్రామఫోనుకు పాడాడు. తెలుగు మాట ఆయన నోట కొంచెం తడబడుతుంది. భావం తడబడదు. రాముణ్ణి తలచే ఆ కృతి ప్లేటు మీద అబ్దుల్ కరీం ఖాన్ అనే ఉంది. కొన్నవాళ్లు కొన్నారు, విన్నవాళ్లు విన్నారు. కొంప మునగలేదు. పుదుచ్చేరికి వెళుతూ మద్రాసు దగ్గర ఓ చిన్న రైలు స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీదే కన్నుమూశాడు. సమాధి మిరజ్‌లో ఉంది.

ఆయన ఇంట్లోనే ఇంకో కథ ఉంది. 1920ల్లో భార్య తారాబాయి విడిపోయి పిల్లల్ని తీసుకెళ్లింది. అబ్దుల్ రహమాన్‌గా పుట్టిన కొడుకు సురేశ్‌బాబు మానే అయ్యాడు. కూతురు హీరాబాయి బడోదేకర్ అయింది. తండ్రి ప్లేట్లూ కూతురి ప్లేట్లూ ఒకే అంగట్లో పక్కపక్కన అమ్ముడుపోయాయి. రెండు పేర్లు చూసి రెండు లోకాలనుకున్నవాళ్లూ ఉంటారు. గొంతులో ఘరానా ఒకటే. తల్లి ఏ కష్టంలో ఆ పేర్లు మార్చిందో తప్పుబట్టే హక్కు మనకు లేదు. బతకడానికి పేరు మార్చుకున్న ఎవరినీ నేను తప్పుబట్టను. మార్చుకోక తప్పని రోజులు తెచ్చినవాళ్లనే అడుగుతాను.

*

ఇప్పుడు పాతబస్తీ దగ్గర, మా వాళ్ల మధ్యే ఇల్లు దొరికింది. కావాలని మీరంతా ఒకచోటే ఉంటారెందుకని అడిగే మిత్రులకు ఆ రాని ఫోన్ సంగతి చెబుతుంటాను. నానీ చనిపోయాక ఆ పెట్టె నా దగ్గరికొచ్చింది. మోయడానికి నలుగురు కావలసి వచ్చారు. స్ప్రింగు తెగిపోయి ఉంది. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన వారం రోజులు కూర్చుని ఇంకో పాత యంత్రం స్ప్రింగు తెచ్చి బిగించాడు. ముళ్లు కూడా ఆయనే వెతికి తెచ్చాడు.

పేరు గీకేసిన ఆ ప్లేటు పెట్టాను. చావీ ఇచ్చి, ముందు తలుపులు రెండూ బార్లా తెరిచాను. బరబరమని చప్పుడు, దాని వెనక సన్నటి గొంతు. గాడులు అరిగిపోయి పాటలో మాటలు సగమే తెలుస్తున్నాయి. మూడు నిమిషాల్లో పాట అయిపోయింది. ముల్లు ఎత్తబోతున్నాను. అంతలో ఆ గొంతే, నవ్వుతున్నట్టు, తన పేరు చెప్పింది.

నానీ గోరు కాగితం దాకానే వెళ్లింది, గాడి దాకా వెళ్లలేదు.

మా అమ్మాయి పక్కనే ఉంది. "ఎవరు అబ్బా ఈమె?" అంది. పేరు చెప్పాను. కోఠా సంగతి కూడా చెప్పాను. కలం పేరు వదిలి చాలా ఏళ్లయింది. ఈ వ్యాసం కింద నా పూర్తి పేరే ఉంటుంది.